జబ్బు మనిషికా... భవనానికా?

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు హుషారుగానే ఉంటారు. మధ్యాహ్నమయ్యేసరికి తల దిమ్ము, కళ్లు మంట, గొంతు గరగర, ముంచుకొచ్చే మగత. సాయంత్రం ఆఫీసు గేటు దాటి కాసేపు నడిస్తే చాలు... అన్నీ మాయం! ఆదివారం ఆ ఊసే ఉండదు. పని ఎగ్గొట్టడానికి సాకులని పైవాళ్లు కొట్టిపారేసే ఈ బాధలకు నిపుణులు పెట్టిన పేరు 'సిక్ బిల్డింగ్ సిండ్రోమ్'.

విచిత్రమేమిటంటే, గాలినీ నీటినీ కాపాడాల్సిన సంస్థకే ఒకప్పుడు ఈ ఇబ్బంది వచ్చిపడింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 'ఈపీఏ' ప్రధాన కార్యాలయం అప్పట్లో వాషింగ్టన్‌లోని వాటర్‌సైడ్ మాల్‌లో ఉండేది. 1987-88లో అక్కడ కొత్త కార్పెట్లు పరిచాక ఎంతోమంది ఉద్యోగులు అస్వస్థతకు గురయ్యారు. కొందరైతే ఆ భవనంలో ఉండలేక వేరేచోట కూర్చుని పనిచేయాల్సి వచ్చింది. కార్పెట్ వాసనకు మూలమైన రసాయనాన్ని అనుమానించారుగానీ అదొక్కటే దోషి అని తేల్చలేకపోయారు. 1989లో ఉద్యోగులకు ప్రశ్నపత్రాలు పంచి మరీ ఆరా తీశారు. 1991లో ఈపీఏ, అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 'నియోష్' కలిసి భవన యజమానుల కోసం ఓ మార్గదర్శినిని తెచ్చాయి.

ఈ దర్యాప్తు మీటర్లతో కాదు, మనుషులతో మొదలవుతుంది. బాధ ఎవరికి? ఏ అంతస్తులో? ఎన్ని గంటలకు? సెలవునాడు తగ్గుతోందా? జవాబుల్ని భవనం ప్లాను మీద గుర్తుపెడితే ఒక్కోసారి ఒకే మూల కూర్చునేవాళ్లు బయటపడతారు. ఆ మూలకు గాలి ఎక్కణ్నుంచి వస్తోందన్నది తర్వాతి ప్రశ్న. బయటిగాలి వచ్చే దారి మూసేశారా? అది జనరేటర్ పొగ పక్కనే ఉందా? ఏసీ కింద నీళ్లు నిలిచి బూజు పట్టిందా? కొత్తగా కట్టిన పార్టిషన్ గాలికి అడ్డమొచ్చిందా?

నియోష్ 1980ల చివరివరకూ చేసిన సుమారు 500 తనిఖీల్లో సగానికిపైగా భవనాల్లో అసలు లోపం గాలి సరిగా ఆడకపోవడమే. దానికీ ఓ కథ ఉంది. 1970ల్లో చమురు సంక్షోభం వచ్చాక కరెంటు ఆదా కోసం ఒక్కో మనిషికి అందాల్సిన బయటిగాలిని నిమిషానికి 15 ఘనపుటడుగుల నుంచి 5కు కుదించారు. పొరపాటు తెలిసొచ్చి 1989లో ఆఫీసులకు 20 ఉండాలన్నారు.

మన ఊళ్లలో సంగతి ఇంకోటి. చాలా చిన్న ఆఫీసుల్లో ఉండేవి స్ప్లిట్ ఏసీలే. అవి గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తాయి తప్ప బయటిగాలిని లోపలికి తేవు. చల్లగా ఉందంటే గాలి బాగున్నట్టు కాదు. బయటిగాలిలో కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల పాళ్లలో 420కి కాస్త అటూఇటూగా ఉంటుంది. గదిలో అది వెయ్యి దాటిందంటే జనానికి సరిపడా కొత్తగాలి రావట్లేదని గుర్తు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే ఓ రెండు వారాలపాటు బాధ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గిందీ రాసిపెట్టుకోమనండి. పక్క సీటువాళ్లనీ రాయమనండి. ఇంటికొచ్చినా తగ్గకపోతే, జ్వరమో ఆయాసమో తోడైతే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆఫీసులోనే వస్తోందని తేలితే ఆ కాగితాలు యాజమాన్యం ముందు పెట్టొచ్చు. ఒక్కరు చెబితే సాకంటారేమో... తేదీలు, టైములతో పదిమంది చెబితే కొట్టిపారేయడం కష్టం!