సర్కారు గని అయితే సరిపోతుందా?

ఈ ఎండాకాలం బుగ్గారం మండలంలో ఒక చెరువు పూడిక తీసేచోట, కూలీలు సద్ది విప్పిన వేళ మేం గనుల సంగతి ఎత్తాం. "కూలి సంగతి చెప్పు బిడ్డా, గనులతోని మనకేం పని?" అని ఒక పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆమె పక్కనున్న పార, గడ్డపార చూపించి జవాబు మొదలుపెట్టాం. ఆ ఇనుము ఏదో ఒక కొండను తవ్వితేనే కదా వచ్చింది!

ఒకనాడు ఇనుము మన దిక్కే పుట్టేది. కోరుట్ల, మెట్‌పల్లి దాటితే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం ఉంది. అక్కడి కమ్మర్లు కాచిన ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఆ కొలుములు ఎప్పుడో చల్లారిపోయాయి. ఇవాళ దేశంలో ఇనుప రాయి పెద్దఎత్తున తవ్వే కంపెనీ ఎన్.ఎం.డి.సి. 1958లో పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. గనులు మాత్రం ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో ఉన్నాయి. నూటికి 60కి పైగా వాటాలు కేంద్ర ప్రభుత్వానివి. మిగిలినవి షేర్ బజారులో చేతులు మారుతుంటాయి.

సర్కారుది కాబట్టి ప్రజలదే అంటారు. మరి కొండ కింద ఉన్న ప్రజల అనుభవం ఏమిటి?

1968 నుంచి బైలదిల్లా రాయి రైలెక్కి విశాఖ రేవు మీదుగా జపానుకు పోయింది. కొండ కింద శంఖిని, డంకిని వాగులు ఎర్రబారాయి. గనుల్లో యంత్రాలు దిగి, వేలాది కాంట్రాక్టు కూలీల పని పోయింది. 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కూలీలు నేలకొరిగారు, వాళ్ల గుడిసెలు కాలిపోయాయి. అదే ఏడాది సెప్టెంబర్ 7న మన జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అక్కడ యజమాని సర్కారు, ఇక్కడ యజమాని దొర. కూలీ నోరు తెరిస్తే రెండుచోట్లా వచ్చింది పోలీసులే.

అది పాత ముచ్చట అనుకోవద్దు. 2019 జూన్‌లో వేలాది ఆదివాసీలు కిరందుల్‌లో కంపెనీ గేటు ముందు బైఠాయించారు. వాళ్లు కొలిచే నందరాజ్ కొండ మీది 13వ నంబరు గనిని తవ్విపెట్టే పని అదానీ కంపెనీకి అప్పజెప్పడమే కారణం. ఇందుకు 2014లో హిరోలి గ్రామసభ ఒప్పుకున్నదని కాగితం చూపారు. అసలు ఆ సభే జరగలేదని ఊరివాళ్లు అన్నారు. రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేత ఆపించి, విచారణ వేయక తప్పలేదు.

ఇలాంటి కాగితాలు మనమూ ఎరుగుదుం. మన దిక్కు ఒక పల్లెలో గుట్టను క్వారీకి ఇచ్చినప్పుడు రిజిస్టరు తీయించి చూసినం. ఆ దినం నాట్లేస్తున్న ఆడకూలీల వేలిముద్రలు అందులో ఉన్నయి. వాళ్లు సభ మొఖమే చూడలేదు.

చైనా సంగతి కూడా చూడండి. జిజిన్ అనే బంగారం, రాగి గనుల కంపెనీలో పెద్ద వాటా అక్కడి సర్కారు సంస్థదే. హాంకాంగ్, షాంఘై షేర్ బజార్లలో దాని వాటాలు అమ్ముడుపోతాయి. 2010 జూలై 3న దాని రాగి కర్మాగారం నుంచి ఆమ్లపు నీళ్లు టింగ్ నదిలో కలిశాయి. టన్నులకొద్దీ చేపలు చచ్చాయి. తొమ్మిది రోజులు గడిచాక గానీ కంపెనీ ఆ సంగతి బయటపెట్టలేదు. సర్కారు వాటా ఉన్నంత మాత్రాన నదికి రక్షణ దొరకలేదు.

"అందుకే ప్రైవేటుకు అమ్మేయండి" అనేవాళ్లకు ఒక్క మాట. ప్రైవేటు తవ్వకం ఎట్లుంటదో ఓబుళాపురంలో చూశాం. అది 2009లో సి.బి.ఐ. కేసు దాకా పోయింది. ప్రభుత్వ గనులను అమ్మడాన్ని మేం వ్యతిరేకిస్తాం. కానీ సర్కారు బోర్డు తగిలించుకొని, లాభం కోసం షాహుకారులాగే నడిచే పద్ధతినీ ఒప్పుకోం. వాటాదారుకు మూడు నెలలకోసారి లెక్క చెప్పే కంపెనీ, నీళ్లు పోగొట్టుకున్న ఊరికి ఏడాదికోసారైనా లెక్క చెప్పలేదా?

మేం కోరేది ఇది: గని అయినా క్వారీ అయినా, గ్రామసభ తీర్మానాన్ని జనం భాషలో, జనం ముందు చదివి వినిపించాలి. కాంట్రాక్టు కూలీలను పర్మనెంటు చేయాలి. 2015 చట్టంతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఖర్చును ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి.

రైతుకూలీలారా! మనది ఏజెన్సీ కాదు, పెసా చట్టం మనకు లేదు. అయినా గ్రామసభ ఉంది. ఈసారి డప్పు మోగిన దినం కూలి పోయినా సరే, పోదాం. రిజిస్టరు చదివించుకున్నాకనే వేలు పెడదాం.