గోడలోపలి గండి

చెఱువుకట్టకు గండిపడినదని కేక వినబడినచో ఊరంతయు పలుగులు పాఱలు చేతబట్టి పరుగిడును. పోయినవాడు కూలి యడుగడు. పోనివానిని ఊరు క్షమింపదు. కాని మన పట్టణములలో ఇండ్ల గోడల లోపల రేయింబవళ్లు గండ్లు పడుచున్నవి. వానికి కేకయు లేదు, పరుగును లేదు. గోడమీద నొక చెమ్మమచ్చ కనబడును. ఇంటి యజమానుడు దానిపై రంగు పూయించును. లేదా పటము నొకదానిని వ్రేలాడగట్టి కప్పిపుచ్చును. నీరు మాత్రము లోపల తన పని తాను చేసికొనుచునే యుండును.

ఈ యుపేక్ష వలని నష్టమెంతటిదో ఆలోచింపుడు. హైదరాబాదునే తీసికొందము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ఏర్పడినవి. ఆ జలాశయములు నగరముకంటె ఎత్తున నుండుటచే నీరు పల్లమెఱిగి వచ్చెడిది. నేటి నగరమునకు ఆ నీరు చాలదు. కృష్ణనుండియు గోదావరినుండియు, నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి నీరు తేవలసివచ్చినది. నాగార్జునసాగరు నిండుమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. నగరము అంతకంటె 300 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. అనగా మన యింటికి వచ్చు కృష్ణాజలము ప్రతిబిందెయు విద్యుచ్ఛక్తిచే ఒక కొండనెక్కి వచ్చినదే. అట్లు కొండనెక్కించి తెచ్చిన నీటిని మన గోడలకు త్రాగించుచున్నాము.

చిన్న కారుడుకు ఇంత విచారమేల యందురేమో. లెక్క చూడుడు. గంటకొక లీటరు చొప్పున కారు కుళాయి దినమునకు 24 లీటర్లు, సంవత్సరమునకు 8,760 లీటర్లు పాఱబోయును. మురుగుకాలువల యేర్పాటు గల నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్లు కావలయునని ప్రభుత్వ ప్రమాణము. ఆ లెక్కను ఒక మనుష్యుని రెండు మాసముల నీరు ఒక్క కుళాయి చివరనుండి పోయినది. మరుగుదొడ్డి తొట్టిలోని రబ్బరుబిళ్ల అరిగి అయిదు నిమిషముల కొక లీటరు జారిపోయినచో దినమునకు 288 లీటర్లు. అది ఇద్దరి గ్రాసము. దీనికి చప్పుడు లేదు, మచ్చ లేదు. అదే నగరమున గొట్టపు చివరనున్న బస్తీలో ఒక తల్లి రెండు బిందెల నీటికై తెల్లవాఱుజామున వరుసలో నిలిచియున్నది.

నష్టము నీటితోనే తీరదు. చెమ్మ సిమెంటులోనికి దిగి లోపలి యినుమునకు త్రుప్పు పట్టించును. త్రుప్పుపట్టిన యినుము ఉబ్బి పైకప్పును పెచ్చులుగా రాల్చును. విద్యుత్తీగలున్న గోడ తడిసినచో ప్రాణాపాయము. అంతకంటె ఘోరమైనది మఱియొకటి గలదు. మన పట్టణములలో నీరు ఎల్లవేళల రాదు. కొన్ని గంటలు వచ్చి నిలిచిపోవును. గొట్టమున ఒత్తిడి యున్నంతసేపు బెజ్జము నీటిని వెలికి వదలును; ఒత్తిడి పడిపోగానే అదే బెజ్జము చుట్టునున్న మురుగును లోనికి పీల్చును. వీధిగొట్టమునకే మోటారు తగిలించి నీరు లాగు వారి స్వార్థము ఈ పీల్పును ఇంకను హెచ్చించును. మురుగు కలిసిన త్రాగునీరు ఏమి చేయగలదో 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరు బస్తీ కన్నీటితో నేర్చుకొన్నది. కావున కారు గొట్టము కేవలము దుబారా కాదు. అది రోగమునకు తెఱచిన తలుపు.

ఇన్ని మాటలు చెప్పుచున్న నేను నా యింట నేమి చేసితినో చెప్పకుండుట న్యాయము కాదు. మాది నాలుగంతస్తుల మేడలో రెండవ అంతస్తు. నేను న్యాయశాస్త్ర గ్రంథములుంచుకొను గదిలో ఒక గోడ చెమ్మగిల్లినది. బీరువా వెనుక బూజు పట్టి, మా తండ్రిగారి నాటి పుస్తకములు అట్టలూడినవి. పైయింటివారి స్నానపుగదియే దీనికి కారణమని క్షణములో తీర్పు చెప్పుకొంటిని. వారు కాదనిరి. మాటకు మాట పెరిగినది. పండుగనాడు వారి పిల్లలు మా గడప త్రొక్కుట మానిరి. చివరకు నేను నష్టపరిహారము కోరుచు నోటీసు వ్రాసితిని; నా వృత్తిలో అంత పదునైన నోటీసు మఱియొకటి వ్రాసి యెఱుగను.

అది పంపుటకు ముందు, నా భార్య బలవంతముపై, అనుభవజ్ఞుడైన ప్లంబరు నొకనిని పిలిపించితిని. అతడు గోడ నంటలేదు. ముందుగా, "అయ్యా, ఈ మచ్చ ఎప్పుడు తడిగా నుండును, ఎప్పుడు ఆఱును?" అని యడిగెను. ఎప్పుడును ఆఱదంటిని. "అట్లయిన ఇది పైవారి స్నానపు నీరు కాదు, నిరంతరము ఒత్తిడితో నుండు గొట్టము" అనెను. మా కుళాయిలన్నియు బిగించి, గొట్టమునకు చేతిపంపును ఒత్తిడి చూపు ముల్లును తగిలించెను. ముల్లు మెల్లగా దిగజాఱినది. చిల్లు మా గొట్టముననే, మా వంటయింటి గోడలోని మలుపు ముక్కకే యున్నది. ఆ సాయంకాలమే నోటీసు చింపి, మెట్లెక్కి పోయి, పెద్దాయనకు క్షమాపణ చెప్పుకొంటిని. గొట్టము బాగుచేయుటకు పట్టినది ఒక పూట. ఆ యింటితో మాట కలియుటకు ఒక సంవత్సరము పట్టినది.

ఆ ప్లంబరు ప్రశ్నయే ఈ విద్యకు తాళపుచెవి. చెమ్మ చోటును గాక చెమ్మ కాలమును చూడవలయును. ఏలయన నీరు పుట్టినచోట కనబడదు, దారి దొరికినచోట కనబడును. ఎల్లప్పుడు తడిగా నుండునది మంచినీటి గొట్టము. స్నానము చేసినప్పుడు తడిసి, ఇల్లు తాళము వేసిన నాలుగు దినములలో ఆఱునది మురుగు గొట్టము, లేదా నేలపలకల సందులు. వానలో మాత్రమే తడియునది మిద్దె, లేదా వెలుపలి గోడ బీట.

పరీక్షలకు ధనము గాని యంత్రములు గాని అక్కఱలేదు. రాత్రి అందఱు పరుండిన పిమ్మట మోటారు కట్టివేసి, కుళాయిలు బిగించి, మిద్దెమీది తొట్టిలో నీటిమట్టమునకు గీత పెట్టుడు. తెల్లవాఱునప్పటికి మట్టము దిగినచో ఎక్కడనో గండి యున్నది. మఱునాటి రాత్రి తొట్టినుండి దిగు గొట్టపు మరను కూడ బిగింపుడు. అప్పుడును దిగినచో తొట్టియే ఓటిది. దిగకున్నచో గొట్టములు ఓటివి. నేలలోని సంపునకును ఇదే పరీక్ష. మరుగుదొడ్డి తొట్టిలో బట్టల నీలిమందు కొంచెము కలిపి అరగంట వేచియుండుడు. నీరు వదలకయే క్రింద నీలిరంగు కనబడినచో రబ్బరుబిళ్ల మార్చవలయును. నీటిమీటరు గలవారు కుళాయిలన్నియు కట్టివేసి దాని చక్రమును చూడుడు. తిరిగినచో అదియే సాక్ష్యము. స్నానపుగది నేలపై అనుమానమున్నచో తూమునకు గుడ్డ బిగించి, రెండంగుళముల నీరు ఒక దినము నిలిపి, క్రింది కప్పును గమనింపుడు.

ఇంతటితో తేలనిచో పనివానిని పిలువవలయును. ఉష్ణభేదమును చూపు కెమెరాలు నేడు వచ్చినవి. అవి గోడ లోపలికి చూడజాలవు, పైతలమున చల్లబడిన చోటును మాత్రమే చూపగలవు. గోడ పగులగొట్టు ముందు చోటు నిర్ణయింపుడు. ఇనుపగొట్టము త్రుప్పుపట్టినచో ఒక చిల్లు మూసిన మఱియొకటి తెఱచుకొనును. ఆ భాగమంతయు మార్చుటయే పొదుపు. ప్లాస్టికు గొట్టమైనచో అతుకు జిగురు గట్టిపడువఱకు నీరు వదలరాదు. ఆ తొందరపాటే క్రొత్త కారుడుకు బీజము. గోడ పూడ్చుటకు ముందు మరల ఒత్తిడి పరీక్ష చేయింపుడు. గొట్టములు కనబడునట్లు ఒక ఛాయాచిత్రము తీసి భద్రపఱచుడు. గోడ ఆఱిన తరువాతనే రంగు. చెమ్మపై రంగు పుండుమీద గంధము వంటిది.

ఇక న్యాయము మాట. నీరు నిలువచేసినవాని బాధ్యతను గూర్చి మన తెలుగునేల నుండియే ఒక ప్రసిద్ధ వ్యాజ్యెము పోయినది. కార్వేటినగరము జమీందారుగారి చెఱువులు తెగి రైలుదారికి నష్టము కలుగగా, ఆ చెఱువులు ప్రజల బ్రదుకునకై రక్షింపవలసినవి గనుక, అశ్రద్ధ లేనిచో జమీందారు బాధ్యుడు కాడని 1874లో ప్రీవీకౌన్సిలు తీర్పు చెప్పెను. అశ్రద్ధయే గీటురాయి. క్రిందియింటివాడు వచ్చి చెమ్మ చూపిన పిమ్మటను కదలనివాడు తాను అశ్రద్ధ చేయలేదని ఏ ముఖముతో చెప్పగలడు? క్రొత్తయిండ్లు కొన్నవారు మఱియొకటి ఎఱుగవలయును. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రిందికి వచ్చు నిర్మాణములలో, ఇల్లు స్వాధీనమైన అయిదేండ్లలోపల పనితనపు లోపము చూపినచో కట్టినవారు 30 దినములలో తమ ఖర్చుపై బాగుచేయవలయును. ఈ హక్కును తెలియక పోగొట్టుకొనువారు పెక్కుమంది.

వీధిలోని పెద్దగొట్టములు కారుచుండగా మా కుళాయిపై ఈ ధ్వజమెత్తుట యేల యని యడుగువారు గలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వీధిగొట్టములు కారుచున్నవి; వానిని బాగుచేయించుటకు అధికారులను నిలదీయవలసినదే. కాని చేత నీళ్లచీటీ పట్టుకొని కార్యాలయమునకు పోవు పౌరుడు తన తొట్టిలో గీత పెట్టి చూచుకొని పోయినచో ఆతని మాటకు బరువుండును. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఈ పత్రిక చదివినవారు ఈ రాత్రియే మిద్దెనెక్కి తొట్టిలో గీత పెట్టుదురుగాక. మట్టము దిగినచో పొరుగువానికి నోటీసు వ్రాయుటకు ముందు తమ మర బిగించి చూతురుగాక.