కొత్త కార్డు వేసినా పాత నడకేనా?

ర్యామ్ పెంచారు. ప్రాసెసర్ మార్చారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించారు. తీరా గేమ్ మొదలెడితే... కారు మలుపు తిరిగే చోట బొమ్మ కాస్తా కొయ్యబారిపోతోంది! ‘స్ట్రక్ అవుతోంది నాన్నా’ అని కొడుకు. ‘అంత డబ్బు పోసింది ఇందుకా?’ అని తండ్రి. ‘ఇంకాస్త పెద్ద కార్డు వేసుకుంటే పోయేది సార్’ అనే సలహా ఎక్కడో ఒకచోట సిద్ధంగానే ఉంటుంది.

మళ్లీ పర్సు తీసేముందు ఒక్క గంట ఓపిక పట్టండి. అప్‌గ్రేడ్ చేశాక వచ్చే ల్యాగ్‌కి చాలాసార్లు కారణం కొత్త వస్తువు చాలకపోవడం కాదు. దాన్ని పూర్తిగా వాడుకొమ్మని కంప్యూటర్‌కి ఎవరూ చెప్పకపోవడం!

ముందు ఏ ల్యాగో తేల్చుకోవాలి. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఎదుటి ఆటగాడు ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంటే అది ఇంటర్నెట్ తంటా. ఎన్ని వేలు పోసి కార్డు కొన్నా అది పోదు. నెట్‌తో పనిలేని గేమ్ ఒకటి ఆడి చూడండి. అది సాఫీగా నడిస్తే కార్డు జోలికి వెళ్లకుండా వైఫై సంగతి చూడండి. కొత్త మదర్‌బోర్డుతో ఇచ్చిన వైఫై యాంటెనాలు డబ్బాలోనే ఉండిపోయాయేమో కూడా!

నెట్ లేకున్నా ఆగుతోందా? అయితే చాలా ఇళ్లలో ‘సీపీయూ’ అని పిలిచే ఆ క్యాబినెట్‌ని వెనక్కి తిప్పండి. మానిటర్ కేబుల్ పెట్టే చోట్లు రెండు కనిపిస్తాయి. యూఎస్‌బీ పోర్టుల పక్కనున్నవి మదర్‌బోర్డువి. వాటికి కింద, విడిగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. అలవాటు కొద్దీ కేబుల్‌ని పాతచోటే గుచ్చితే బొమ్మలు గీసే పని ప్రాసెసర్‌లోని బుల్లి గ్రాఫిక్స్ మీద పడొచ్చు. లేదా కార్డు గీసిన బొమ్మ చుట్టుదారిన తెరకి చేరాల్సి వస్తుంది. అనుభవజ్ఞులూ చేసే పొరపాటే ఇది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, గేమ్ నడుస్తుండగా కొత్త కార్డు ఎంత శ్రమపడుతోందో చూడండి. అది ఖాళీగా కూర్చుంటే విషయం అర్థమైనట్టే.

అదే పేజీలో మెమరీ వేగం కూడా ఉంటుంది. డబ్బా మీద 3200 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్ అక్కడ 2133 అనో 2400 అనో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 6000 అని కొన్న డీడీఆర్5 కూడా 4800 దగ్గరే ఆగిపోవచ్చు. షాపువాళ్లు మోసం చేశారని కాదు. ఏ బోర్డు మీదైనా ఇబ్బంది లేకుండా లేవాలని ర్యామ్ ముందు నెమ్మదైన వేగంతోనే మొదలవుతుంది. అసలు వేగం కావాలంటే బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్ఎంపీ, ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో లాంటి పేరుతో ఉండే మీట వేయాలి. పైసా ఖర్చు లేదు. అన్నట్టు, ఒక 16 జీబీ ర్యామ్ కంటే రెండు 8 జీబీలు జంటగా వేస్తేనే డేటాకి రెండు దారులు దొరుకుతాయి. పాతది పారేయడం ఎందుకని కొత్తదాని పక్కనే ఉంచేస్తే? రెండూ పాతదాని నడకే నడుస్తాయి!

మొదటి పది నిమిషాలూ బాగా ఆడి తర్వాత నీరసపడితే అది వేడి. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కూలర్ అడుగునున్న ప్లాస్టిక్ పొర తీయడం మరిచారేమో చూడండి. క్యాబినెట్‌ని టేబుల్ గూట్లోకి తోసి దుమ్ము పడకుండా గుడ్డ కప్పే ఇళ్లలో, అందులోనూ మే నెలలో, ఇంకో కారణం వెతకక్కర్లేదు. కొత్త కార్డు వేసిన మొదటి గంటలో మాత్రమే అక్కడక్కడా ఆగితే కంగారు వద్దు. చాలా గేములు కొత్త కార్డుకి తగ్గట్టు తమ లెక్కలు మళ్లీ సిద్ధం చేసుకుంటాయి. తర్వాత అవే కుదురుకుంటాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి తప్పు మనిషిది కాదు. విండోస్ 11 రావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు. అందుకని రైజెన్ ప్రాసెసర్లున్న చాలామంది బయోస్‌లో దాన్ని ఆన్ చేశారు. ఇక చూడండి, కొందరికి గేమ్ మధ్యలో అంతా ఒక్క క్షణం బిగుసుకుపోవడం, ధ్వని కూడా తడబడటం! కార్డులు, డ్రైవర్లు మార్చి విసిగిపోయారు. ఆ ఏర్పాటు మదర్‌బోర్డు మీది ఓ చిప్‌తో అప్పుడప్పుడూ ఎక్కువసేపు మంతనాలాడటమే కారణమని 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది. మందు కొత్త బయోస్. అది ఆ ఏడాది మే నుంచి రావడం మొదలైంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పాత రైజెన్ బోర్డు మీద విండోస్ 11కి మారుతున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బయోస్ మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు. అందుకే యూపీఎస్ ఉంటేనే ఆ పనికి దిగండి. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి.

సెట్టింగుతో తీరని చిక్కులూ లేకపోలేదు. 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డునే తీసుకోండి. పెద్ద కార్డులు డేటా కోసం 16 దారులు వాడితే దీనికున్నవి నాలుగే. పీసీఐఈ 4.0 ఉన్న బోర్డు మీద నెట్టుకొస్తుంది. 3.0 ఉన్న పాత బోర్డు మీద ఆ నాలుగు దారుల వేగమూ సగమైపోతుంది. దాని 4 జీబీ మెమరీ నిండిందా, బొమ్మ తడబడుతుంది. తక్కువ ధర కార్డు పాత కంప్యూటర్లకేగా అని కొన్నవాళ్లకే దెబ్బ! గేమ్‌లో టెక్స్చర్ల నాణ్యత తగ్గించి ఆడటమే అక్కడ దారి.

టాస్క్ మేనేజర్‌లో కార్డు నూరు శాతం దగ్గరే కొట్టుకుంటోందా? అప్పుడు నిజంగానే ఇంకా పెద్ద కార్డు కావాలి, లేదా రిజల్యూషన్ తగ్గించుకోవాలి. కార్డు తీరిగ్గా ఉండి ప్రాసెసర్ ఆయాసపడుతుంటే కార్డు మీద పెట్టే డబ్బు వృథా. రెండూ తీరిగ్గా ఉండి డిస్క్ మాత్రం నూరు చూపిస్తుంటే గేమ్ ఇంకా పాత హార్డ్ డిస్క్‌లోనే ఉందేమో చూడండి. దాన్ని ఎస్ఎస్‌డీలోకి మార్చి, కారుని మళ్లీ ఆ మలుపు తిప్పి చూడండి.