ఎంజైమ్ వేశాక డీసీపీ తగ్గించారా?

గుడివాడ చుట్టుపక్కల లేయర్ షెడ్ల దగ్గర దాణా కలిపేటప్పుడు ఒక మాట తరచుగా చెవిన పడుతుంది: "ఎంజైమ్ కూడా ఓ వంద గ్రాములు వేసెయ్, గుడ్డు పెరుగుద్ది." మొక్కజొన్న, సోయా, నూనె తీసిన తవుడు, గుల్ల, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) అన్నీ ఎప్పటి పాళ్లలోనే పడతాయి. వాటి మీద ఆ ఎంజైమ్ పొట్లం పడుతుంది. కోడికి బలం మందు పెట్టామన్న తృప్తి మిగులుతుంది. ఆ తృప్తికి ఆధారం లేదు. ఎంజైమ్ వల్ల వచ్చే లాభం దాణాలోంచి ఏదో ఒకటి తగ్గించుకోవడంలోనే ఉంది. తగ్గించకుండా వేసిన పొట్లం ఖరీదు రెట్టలో కలిసిపోతుంది.

సంగతి మన తవుడులోనే ఉంది. గింజలు భాస్వరాన్ని ఫైటేట్ అనే రూపంలో దాచుకుంటాయి. మొక్కజొన్నలో కన్నా తవుడులో భాస్వరం నాలుగైదు రెట్లు ఎక్కువ. కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్‌గా బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైమ్ కోడి కడుపులో చాలినంత ఊరదు. అందుకే తవుడులో ఉన్న భాస్వరాన్ని వదిలేసి, డబ్బు పెట్టి డీసీపీ కొంటున్నాం. నెదర్లాండ్స్‌లో పందుల, కోళ్ల పెంటలోని భాస్వరం నేలనూ నీళ్లనూ పాడుచేస్తోందని ప్రభుత్వం కట్టడి చేసిన రోజుల్లో, 1991లో, బూజు నుంచి తీసిన ఫైటేజ్ అక్కడ దాణాలోకి వచ్చింది. పెంటలో పోయే భాస్వరాన్ని తగ్గించడానికి తెచ్చిన సరుకు అది. మన దగ్గరికి వచ్చేసరికి గుడ్డు పెంచే టానిక్ అయి కూర్చుంది.

లెక్క వేసి చూద్దాం. గ్రాముకు 5000 యూనిట్లున్న ఫైటేజ్ టన్నుకు 100 గ్రాములు కలిపితే కిలో దాణాకు 500 యూనిట్లు పడతాయి. ఆ మోతాదుకు టన్నులో సుమారు కిలో భాస్వరం కోడికి అందుతుందని దాణా పాళ్లు కట్టేవాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. డీసీపీలో భాస్వరం దాదాపు 18 శాతం. అంటే టన్నుకు ఐదు కిలోలకు పైగా డీసీపీ మానుకోవచ్చు. మానకపోతే ఏమవుతుంది? కోడికి కావలసినంత భాస్వరం ముందే అందుతోంది కాబట్టి, కొత్తగా విడిపించింది వెనకనుంచి పోతుంది.

"అన్ని ఎంజైమ్‌లూ కలిసిన పొట్లం, ఏ మేతనైనా అరిగిస్తుంది" అనేది ఇంకో ప్రచారం. ఐరోపాలో, కెనడాలో గోధుమ, బార్లీ పెట్టిన కోళ్ల పేగుల్లో జిగురు పేరుకుని, రెట్ట బంకలా సాగి, లిట్టర్ తడిసి ముద్దవుతుంది. ఆ జిగురును కోసే ఎంజైమ్ అక్కడ నిజంగానే మేలు చేసింది. మన మేత మొక్కజొన్న, నూకలు. వాటిలో ఆ జిగురు చాలా తక్కువ. తవుడులో పీచు ఉంది గానీ అది నీళ్లలో కరిగి జిగురయ్యే రకం కాదు. లేని జబ్బుకు మందు అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

నాకు మరీ బాధ కలిగించేది పాత తవుడు సంగతి. పచ్చి బియ్యం ఆడించినప్పుడు వచ్చే తవుడులో లైపేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే ఉంటుంది. మర నుంచి బయటపడ్డ గంటల్లోనే అది తవుడు నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొన్నాళ్లకు తవుడు ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఉప్పుడు బియ్యం తవుడు నిలవుంటుందంటే వడ్లు ఉడికేటప్పుడే ఆ లైపేజ్ చచ్చిపోవడం వల్లే. చెడిన తవుడును ఏ పొట్లమూ బాగుచేయదు. ఎంజైమ్ ఉంది కదా అని నాసిరకం తవుడు ఎత్తించుకుంటే ఆ తప్పు పొట్లానిది కాదు.

డీసీపీ తగ్గించమంటే రైతు భయపడతాడు. కేజీలో కాళ్లు చాచి పడిపోయి లేవలేని పెట్టను చూసినవాణ్ణి, ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. ఫైటేజ్ పనిచేయని సందర్భాలూ ఉన్నాయి. లేయర్ దాణాలో కాల్షియం నాలుగు శాతం దాకా ఉంటుంది. మెత్తటి సున్నపురాయి పొడి ఎక్కువైతే అది ఫైటేట్‌ను ఇంకా బిగించేస్తుంది; దొడ్డు గుల్లతో ఆ బాధ తక్కువ. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలి తేమలో నోరు తెరిచి ఉంచిన పొట్లం నెలల తరబడి నిలవుంటే దాని బలమూ తగ్గుతుంది. కనుక ఒక్కసారిగా కోత పెట్టొద్దు. ఒక వరస కేజీలను విడిగా పెట్టి, డీసీపీని కిలో చొప్పున తగ్గిస్తూ, తోలుగుడ్లు ఎన్ని వస్తున్నాయో రోజూ రాసుకోవాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. పొట్లం అమ్మే మనిషిని అడిగేకన్నా అక్కడ అడగడం మేలు.

"పెంటలో పోతే పోనీ, చేపల చెరువుకు పనికొస్తుంది కదా" అనేవాళ్లున్నారు. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు చెరువులకు కోళ్ల పెంట లారీల్లో వెళ్తున్న మాట నిజమే. చెరువుకు భాస్వరం కొంత కావాలి కూడా. కానీ ఆ చెరువుల్లో కన్నాల సంచుల్లో వేలాడదీసే మేత కూడా నూనె తీసిన తవుడే. బొచ్చెకూ శీలావతికీ ఆమ్లం ఊరే జీర్ణకోశమే లేదు, ఆ తవుడు భాస్వరం వాటికి పట్టేది తక్కువ. తవుడుదీ పెంటదీ కలిసి నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారతాయి. మబ్బు పట్టిన రాత్రి తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ నీళ్లు మళ్లీ కాలవల్లోకి, కొల్లేట్లోకి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. అందులో కొంత భాస్వరం మనం రెండుసార్లు డబ్బు పెట్టి కొన్నది: ఒకసారి డీసీపీగా, ఇంకోసారి పొట్లంగా.