వనం వారికి, వంట మనకీనా?

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. తెల్లవారుజాము చన్నీళ్ళ స్నానాలకి కాదు, సోమవారం ఉపవాసాలకీ కాదు. "ఏమండీ, ఈ ఏడు వనభోజనాలు ఎప్పుడు పెట్టుకుందాం?" అని ఎవరో ఒక పెద్దమనిషి మొహమంతా నవ్వు చేసుకుని అడుగుతాడు చూడండి, ఆ నవ్వుకి!

నేను వంటకి భయపడే మనిషిని కాను. ఇంట్లో అయితే చెయ్యి చాస్తే పోపులపెట్టె, తిప్పితే కుళాయిలో నీళ్ళు. అదే వంటని వందమందికి, ఎదురుగాలిలో, అన్నంలో ఇసుక పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని చేస్తే మటుకు దానికి 'విహారం' అని పేరు. ఎవరికండీ విహారం? బస్సు దిగగానే మగవాళ్ళు చాప పరిచి పేకముక్కలు తీస్తారు. పిల్లలు బంతి తీస్తారు. మనం కత్తిపీట తీస్తాం.

వనభోజనం అన్న మాటలో రెండు ముక్కలున్నాయి. వనం ముక్క వాళ్ళు తీసుకుని, భోజనం ముక్క మనకి వదిలేశారు. పోనీ, తీసుకున్న వనాన్ని వాళ్ళైనా కళ్ళారా చూశారా అంటే అదీ లేదు. ఆసూ రాజూ తప్ప ఆకూ కొమ్మా చూసినవాళ్ళని నేనెరగను. సాయంత్రానికి అందరం బస్సెక్కుతాం. మనం తిన్న పళ్ళాలూ, తాగిన గ్లాసులూ అక్కడే వుండిపోతాయి. ఆ చోటు పాపం ఏం పుణ్యం చేసుకుందని!

మా అమ్మ సంగతి చెబుతాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఆఫీసువాళ్ళంతా కలిసి కొండపల్లి ఖిల్లాకి వనభోజనాలకి వెళ్ళాం. నేనూ తమ్ముడూ కోట గోడలెక్కి దిగి, మోకాళ్ళు గీరుకుని, ఆ సంబరం ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం. రెండేళ్ళ కిందట ఏదో మాటల్లో "ఖిల్లా గుర్తుందా అమ్మా?" అని అడిగాను.

"లేకేం! కట్టెలు పచ్చివి. పొగకి కళ్ళు పోయాయనుకో. పప్పు చచ్చినా వుడకలేదు" అంది.

"అది కాదమ్మా, కోట?"

"కోట నేనెక్కడ చూశానే! వడ్డన అయి, గిన్నెలు సర్దేటప్పటికి బస్సువాడు హారను కొట్టేశాడు."

అమ్మ ఆ మాట బాధపడి అనలేదు. నవ్వుతూనే అంది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొండ దాకా వెళ్ళి కొండని చూడకుండా వచ్చిన మనిషి, అది చూడకపోవడమని కూడా అనుకోలేదు! అలాంటి అమ్మలు మన ఇళ్ళల్లో ఎంతమంది?

ఇక మా క్లబ్బు సంగతి. మా పేటలో పొద్దున్నే నడిచేవాళ్ళం నలభై కుటుంబాలవాళ్ళం కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. నడవడం, చెట్లు నాటడం, కార్తీకంలో ఒక ఆదివారం ఎక్కడికైనా వెళ్ళడం మా ఆశయాలు. పోయిన కార్తీకానికి నన్ను సహాయ కార్యదర్శిని చేశారు. కథలు రాస్తాను కదా, ఆహ్వానం ముచ్చటగా రాస్తానని కాబోలు. దసరా వెళ్ళిన ఆదివారం కార్యదర్శిగారు కళ్ళజోడు సవరించుకుని వాలంటీర్ల జాబితా చదివారు. బస్సు ఏర్పాటుకి ఇద్దరు. మైకుకి ఇద్దరు. ఆటల పోటీలకి ముగ్గురు. ఫోటోలకి ఒకరు. వందన సమర్పణకి ఒకరు. అందరివీ ఇంటిపేర్లతో సహా చదివారు. అందరూ మగవాళ్ళే. ఆఖరున, "వంటా వడ్డనా: లేడీస్."

అంతే. పేర్లు లేవు. 'లేడీస్'!

వాలంటీరు అంటే తెలుగులో స్వచ్ఛంద సేవకుడంటాం. స్వచ్ఛందం అంటే తన ఇష్టం కొద్దీ అని కదా అర్థం? మా ఇష్టం ఎవరు అడిగారు? అడక్కుండా రాసుకున్న పనిని సేవ అనరు, వెట్టి అంటారు. వందన సమర్పణ చేసే ఆయన ఆఖర్ని లేచి "రుచికరమైన విందు చేసిన మహిళామణులకు" అంటాడు. చప్పట్లు. అదే జీతం, అదే బత్తెం.

ఇది నా కడుపుమంట మాత్రమే కాదు. 2024లో కేంద్ర గణాంకశాఖవారు మన దేశంలో జనం రోజంతా కాలం ఎలా గడుపుతున్నారో ఇల్లిల్లూ అడిగి లెక్క తీశారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారట. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు 88 నిమిషాలు. మనకి సుమారు అయిదు గంటలు, వాళ్ళకి గంటన్నర. చెయ్యే పెట్టనివాళ్ళని ఈ సగటులో కలపలేదు, కలిపితే ఆ గంటన్నరా నిలవదు. ఏడాది పొడుగునా ఇలా వుండగా, సెలవని చెప్పి ఒక్క రోజు బయటికి తీసుకెళ్ళి అక్కడ కూడా అదే పని అప్పజెప్పడం ఏం మర్యాదండీ?

నేనీ మాట లేచి అంటే సభలో నాలుగు జవాబులొచ్చాయి. మీ ఊళ్ళోనూ ఇవే వస్తాయి కనక విడివిడిగా చెబుతాను.

ఒకటి, "మగవాళ్ళు వండితే తినగలమా?" అయ్యా, మంచి వంటని నలభీమపాకం అంటాం. నలుడూ భీముడూ ఆడవాళ్ళా? మన పెళ్ళిళ్ళలో వెయ్యిమందికి గుండిగలు దించేది ఎవరు? డబ్బిస్తే మగవాడికి చేతనైన వంట, డబ్బు లేకపోయేసరికి చేతకాకుండా పోతుందా?

రెండు, "శాస్త్రం." కార్తీకంలో ఉసిరిచెట్టు నీడన తినమన్నారు. సరే, తిందాం. ఉప్పూ కారం ఆడవాళ్ళ చేతనే కలిపించాలని కార్తీక పురాణం చదివే శాస్త్రులుగారు నాతో ఎప్పుడూ అనలేదు. పైగా చెట్టు దొరక్కపోతే ఎక్కడో కొమ్మ విరిచి తెచ్చి, పాతి, దాని పక్కన కూర్చుని తింటున్నామే, అది ఏ శాస్త్రం? చెట్టుని పూజించడానికి చెట్టు చెయ్యి విరవాలా?

మూడు, "అయితే కేటరింగువాళ్ళకి చెప్పేద్దాం." ఇది అన్నింటికంటే తెలివైన జవాబు. కూర్చున్నచోటికి పళ్ళెం వస్తుంది. కానీ ఆ కేటరింగులో తెల్లవారుజాము నుంచీ ఉల్లిపాయలు తరిగి, మధ్యాహ్నం మన ఎంగిలి అండాలు తోమేది ఎవరనుకున్నారు? మనకంటే బీదింటి ఆడదే. మన నడుం నొప్పి ఇంకొకామె నడుముకి మార్చడం సంస్కరణ అవుతుందా? తిన్న పళ్ళాల సంగతి సరేసరి. ప్లాస్టిక్ పళ్ళాలూ గ్లాసులూ చెంచాలూ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా కార్తీకం వెళ్ళాక ఏ తోటకి వెళ్ళినా ముందు అవే కనిపిస్తాయి.

నాలుగోది మాత్రం నన్ను కోసింది, ఎందుకంటే అది మన ఆడవాళ్ళు అన్నమాట. "కొండలూ గుట్టలూ మనమేం ఎక్కుతామండీ, మోకాళ్ళ నొప్పులు! నలుగురం కూర్చుని కబుర్లాడుకుంటూ కూరలు తరుక్కుంటే అదే సరదా" అంది పక్కింటి వదిన. సరదా అయితే చెయ్యమనే అంటాను. కానీ అది తప్ప వేరే సరదా ఎప్పుడైనా చేసి చూశామా? 2014 మే 25న మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కేనాటికి ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టి, సంక్షేమ హాస్టల్లో చదివి, మన భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. మనల్ని ఎవరెస్టు ఎక్కమనటం లేదు. బస్సు ఆగినచోటి నుంచి వంద గజాలు నడిచి, అక్కడేముందో చూసి రమ్మంటున్నాను. మోకాళ్ళు రోజంతా పీటమీద కూర్చుంటే నొప్పి పెట్టవూ?

వాదించి వాదించి ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పనులన్నీ చీటీల మీద రాసి, ఆడా మగా తేడా లేకుండా తలా ఒకటి తీయాలి. ఐటాలు నాలుగే: పులిహోర, దద్దోజనం, ఒక కూర, రవ్వకేసరి. రిజర్వు అడవిలో నిప్పు రాజెయ్యడం చట్టప్రకారం నేరం కనక వంట అక్కడ కాదు, తెల్లవారుజామున క్లబ్బు షెడ్డులో, అందరి కళ్ళముందూ. ఈ ఆఖరి షరతు నేనే పట్టుబట్టి పెట్టించాను. ఎవరింట్లో వాళ్ళు వండుకు రమ్మంటే చీటీ అయ్యగారి పేరా, చెమట అమ్మగారిదా అవుతుందని నాకు తెలుసు. అయినా ఇద్దరు మహానుభావులు బంగాళాదుంపలు రాత్రే ఇంట్లో చెక్కు తీయించి డబ్బాల్లో పట్టుకొచ్చారు! విస్తరాకులు కొన్నాం. కొమ్మ విరవకుండా, కుండీలో వున్న ఉసిరి మొక్కని బస్సెక్కించాం.

ఎక్కడికన్న ప్రశ్న వస్తే నేను కొండపల్లి అన్నాను. ఎందుకో మీకు తెలుసు.

రిటైరయిన ఇంజనీరుగారు పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశారు, ఒకసారి తెలిసి, ఒకసారి మరిచిపోయి. దద్దోజనం కలుపుకుని అందరం తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. మావారికి అండాలు తోమే చీటీ వచ్చింది. అది నేనే ఆయన చేతికి తగిలేట్టు పెట్టానని ఆయనకి ఇవాళ్టికీ అనుమానం.

మా అమ్మకిప్పుడు డెబ్భై రెండేళ్ళు. కొండ మీదికి రోడ్డుంది, ఆ పైన నా చెయ్యి పట్టుకుని మెల్లిగా నడిచింది. రెడ్డిరాజుల నాటి, 14వ శతాబ్దపు కోట. మూడంతస్తుల రాతి బురుజు కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూసింది. "ఇంత పెద్దదా!" అంది. ఇంకేమీ అనలేదు. నేను కూడా ఏమీ అడగలేదు.

దారిలో చెట్లు తెలిసిన ఒకాయన తెల్లపొణికి చెట్టుని చూపించారు. మన ఇళ్ళల్లో బొమ్మలకొలువులో పెట్టే దశావతారాలూ, అంబారీ ఏనుగూ ఆ కర్రతోనే చేస్తారు. తేలికైన కర్ర. ఇప్పుడు అది దొరకడమే బొమ్మలు చేసేవాళ్ళకి కష్టమైపోతోంది. ఇన్నేళ్ళు బొమ్మ కొన్నాం, దుమ్ము దులిపాం, కొలువు పెట్టాం. చెట్టు ఎలా వుంటుందో చూసినవాళ్ళం మా నలభై ఇళ్ళల్లో ఒక్కళ్ళం లేము. అమ్మ దాని బెరడు తడిమి చూసింది.

భోజనాలయ్యాక పేకముక్కలు పైకి రాబోయాయి. నేను గోనెసంచులు పైకి తీశాను. ఒక గంటసేపు మన చెత్తే కాదు, మన ముందువాళ్ళు పారేసింది కూడా ఏరాలని చీటీల్లో వుంది మరి. మొదట గొణిగారు. కాసేపటికి పిల్లలు పందెం వేసుకున్నారు, పిల్లల్ని చూసి పెద్దలూ వంగారు. పదకొండు సంచులు నిండాయి. ఎక్కువగా ఏమున్నాయంటారా? పళ్ళాలూ, గ్లాసులూ! అంటే మనలాంటి పుణ్యాత్ములే వదిలి వెళ్ళినవి.

అంతా మారిపోయిందని చెప్పను. ఆ మర్నాడే క్లబ్బులో సగంమంది "ఆవిడ పిక్నిక్కుని పనిదినం చేసేసింది" అన్నారు. వింటే నాకు నవ్వొచ్చింది. పిక్నిక్కు మాకు ఎన్నాళ్ళనుంచో పనిదినమే. కొత్తగా అయింది వాళ్ళకి! ఉసిరి మొక్కని పేటలో పార్కులో నాటాం. నీళ్ళు పోసే వంతు చీటీ కూడా ఈ నలభై ఇళ్ళ మధ్య తిరుగుతోంది, అప్పుడప్పుడు ఎవరో ఎగ్గొడుతూ.

అమ్మ మాత్రం తిరిగొచ్చిన వారానికి ఫోను చేసి, "అమ్మాయ్, వచ్చే కార్తీకానికి ఎక్కడికి వెడుతున్నారే? ముందే చెప్పు, చెప్పులు కొనుక్కోవాలి" అంది.

కనక అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మీ పేటలోనూ, మీవారి ఆఫీసులోనూ కార్తీకానికి జాబితా చదువుతారు. మాటకి ఎదురు చెప్పడం అలవాటు లేకపోతే పోట్లాడకండి. "వంటా వడ్డనా: లేడీస్" అని చదివేచోట లేచి నిలబడి, మెత్తగానే, ఒక్క మాట అడగండి. "ఆ లేడీస్ ఎవరండీ? పేర్లు చదవండి" అని.