పాత స్పోర్ట్స్ కారుకు పునర్జన్మ: డబ్బుకంటే చట్టమే పెద్ద అవరోధం

మందిర్ హసౌద్ (రాయపూర్ జిల్లా): ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలకు పెంచడంతో, పాత కారును కొద్దిపాటి పెట్టుబడితో బాగుచేసుకుని నడుపుకుందామనుకునే వారి లెక్కలు తారుమారయ్యాయి. దిగుమతి అయిన కారయితే ఈ రుసుము 80 వేల రూపాయలు. పదిహేనేళ్లు దాటిన కార్లకు ఒకప్పుడు 600 రూపాయలుగా ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5 వేలకు పెంచిన విషయం విదితమే. మూడున్నరేళ్లయినా గడవకముందే ఇరవై ఏళ్లు దాటిన వాటికి అది రెట్టింపయింది.

చత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు తూర్పున 53వ నంబరు జాతీయ రహదారి మీద, రాయపూర్-విజయనగరం రైలు మార్గంలో ఉన్న మందిర్ హసౌద్ వంటి ఊళ్లలో ఈ సమస్య స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడికి దగ్గరలోనే ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో ఇనుమును కరిగించే కొలుములున్నాయి. పాత కారు ముందున్న దారులు రెండే. ఒకటి కొలిమికి, మరొకటి మెకానిక్కు షెడ్డుకు. ప్రభుత్వ విధానం మొదటి దారిని సుగమం చేస్తూ, రెండవ దారిని క్రమేణా ఇరుకు చేస్తున్నది.

తుక్కుకు తాయిలం

2021 ఆగస్టు 13న ప్రధానమంత్రి ప్రారంభించిన వాహన తుక్కు విధానం ప్రకారం, పాత వాహనాన్ని గుర్తింపు పొందిన కేంద్రంలో అప్పగించిన వారికి కొత్త కారు ధరలో 4 నుంచి 6 శాతం వరకు తుక్కు విలువ లభించగలదని కేంద్రం అంచనా కట్టింది. కొత్త వ్యక్తిగత వాహనం మీద రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చునని రాష్ట్రాలకు సూచించింది. అయితే ఈ ప్రయోజనమంతా కొత్త కారు కొనగల స్తోమత ఉన్నవారికే. పాత కారునే మళ్లీ నిలబెట్టుకోదలచిన వారికి ఆ విధానంలో చోటు లేదు.

యాభై ఏళ్లు దాటిన కార్లకు మాత్రం 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి. వాటికి రాష్ట్ర అక్షరాల తరువాత ‘వి.ఎ.’ అనే గుర్తుతో నంబరు కేటాయిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లకు చెల్లుబాటు. కారు తన మూలరూపంలోనే ఉండాలనీ, రోజువారీ వాడకానికి గానీ వ్యాపారానికి గానీ నడపరాదనీ షరతులున్నాయి. అంటే సంపన్నుల గ్యారేజీలలోని అపురూప వాహనాలకు ఒక చట్టం, తుక్కుకు ఒక చట్టం ఏర్పడ్డాయి. నడుమనున్న ఇరవై, ముప్పయి ఏళ్ల కారు ఏ కోవకూ చెందకుండా మిగిలిపోయింది.

స్పోర్ట్స్ కారు అంటే ఏది?

విదేశాల్లో చౌకగా దొరికే పాత స్పోర్ట్స్ కారును తెప్పించుకుందామంటే, మూడేళ్లకు మించి పాతబడిన కార్ల దిగుమతిని మన నిబంధనలు సాధారణంగా అనుమతించవు. దేశీయంగా తయారైనవి అరుదు. శాన్ మోటార్స్ 1990ల చివర తెచ్చిన ఫైబర్ గ్లాసు దేహపు రెండు సీట్ల ‘స్టార్మ్’ వంటివి వేళ్లపై లెక్కించదగినవి. కనుక సామాన్యుని స్పోర్ట్స్ కారు అంటే ఆనాటి చురుకైన సెడాన్లు, హ్యాచ్‌బ్యాకులే. 1984 నుంచి 2002 వరకు తయారైన కాంటెస్సా, 1998లో వచ్చిన తొలి హోండా సిటీ, 2001 నాటి ఫియట్ పాలియో 1.6, మారుతి జిప్సీ ఈ కోవలోనివి. చత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న ఏర్పడింది కాబట్టి, అంతకుముందు ఇక్కడ రిజిస్టరయిన కార్లు మధ్యప్రదేశ్ నంబర్లతోనే ప్రస్థానం ప్రారంభించాయి.

తక్కువ ఖర్చుతో వేగాన్ని సాధించడం మనకు కొత్త కాదు. మద్రాసు సమీపాన షోలవరం విమానాశ్రయపు పాత రన్‌వే మీద దశాబ్దాల పాటు జరిగిన పందేలలో ఫియట్లు, హెరాల్డులు షెడ్డులో మార్పులు చేసుకునే పాల్గొన్నాయి. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివరదన్ 1980ల చివర మారుతి 800 ఇంజిను, గేర్‌బాక్సులతోనే ‘ఫార్ములా మారుతి’ పందెపు కారును రూపొందించి, మోటారు క్రీడను మధ్యతరగతి అందుబాటులోకి తెచ్చారు. అనంతర కాలంలో ఫార్ములా వన్‌కు చేరిన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ కారులోనే. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో ప్రారంభమయిన సుధా కార్స్ మ్యూజియంలో కన్యబోయిన సుధాకర్ తుక్కు సామగ్రితో చేసిన చిత్రవిచిత్ర వాహనాలు నేటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. అయితే పందెపు బాట, ప్రదర్శనశాల వేరు. పదిమంది నడిచే రోడ్డు వేరు. అసలు చిక్కు ఇక్కడే వస్తున్నది.

చట్టం గీసిన గీత

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా చేర్చిన 182-ఎ సెక్షన్, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చునని చెబుతున్నది. ‘ఒక్కొక్క మార్పుకు’ అన్న మాట గమనార్హం. నాలుగు మార్పులు చేసిన కారుకు జరిమానాయే 20 వేలవుతుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు లేదా 10 వేల రూపాయల వరకు జరిమానాకు అవకాశముంది. పెద్దగా గర్జించే సైలెన్సర్ మీద మోజుపడే యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

అరిగిపోయిన భాగం స్థానంలో అదే కొలతల భాగాన్ని అమర్చడం మరమ్మతే తప్ప మార్పు కాదు. ఇంజిన్నే మార్చినట్లయితే రవాణా అధికారులకు తెలిపి రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకోవాలి. బీమా సంస్థకు తెలియజేయని మార్పు, ప్రమాదం జరిగిన రోజున పరిహారానికే ఎసరు పెట్టవచ్చు.

ఇంధనమూ మారింది

చట్టం ఒక ఎత్తయితే పెట్రోలు మరొక ఎత్తు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే లభిస్తున్నది. అంతకుముందటి పాత నమూనా ఇంజిన్లలో వాల్వు సీట్లను అరగకుండా కాపాడింది ఆ సీసమే. కాబట్టి అటువంటి ఇంజిన్‌ను విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించడం అవసరం. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశవ్యాప్తమయింది. దీన్ని సవాలు చేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టివేసింది.

లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే దాదాపు మూడోవంతు తక్కువ. మైలేజీ కొంత తగ్గుతుందని కేంద్ర పెట్రోలియం శాఖే అంగీకరించింది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చుననీ, అది చవకైన పనేననీ వివరించింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక, నెలల తరబడి షెడ్డులో నిలిచే కారు ట్యాంకుకు లోపల తుప్పు ముప్పు ఎక్కువ. కార్బురేటర్ ఉన్న కార్లలో జెట్లు కొంచెం పెద్దవి వేసుకోకపోతే ఇంజిను అధికంగా వేడెక్కే ప్రమాదముంది.

ముందు బ్రేకు, తరువాతే పరుగు

బడ్జెట్ పరిమితమైనప్పుడు ఖర్చుల క్రమమే ప్రధానం. వేగం రెట్టింపయితే కారును ఆపడానికి హరించవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుచేత తొలి రూపాయి బ్రేకులు, టైర్లు, స్టీరింగు జాయింట్లకు కేటాయించాలి. తరువాత చాసిస్, ఫ్లోరు తుప్పు. ఆపైన రేడియేటర్, ఇంధన గొట్టాలు, వైరింగు. ఇంజిను వంతు ఆ తరువాతే. కంప్రెషన్ కొలిచి చూడకుండా ఇంజిన్‌ను విప్పించడం అనవసరపు ఖర్చు. రింగులతో సరిపోయే దానికి బోరింగు చేయించి కొత్త పిస్టన్లు వేయించినవారు లేకపోలేదు. పెయింటు, సీట్లు, అలంకరణ చివరన రావాలి. ఎక్కువమంది మొదలుపెట్టేది ఈ చివరి పనితోనే కావడం వల్ల, సగం కార్చిన కార్లు షెడ్లలోనే మిగిలిపోతున్నాయి.

ఒక ఊరట లేకపోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలన్నింటిపై వస్తు సేవల పన్ను 18 శాతానికి ఏకీకృతమయింది. అంతకుముందు అనేక భాగాలపై 28 శాతం ఉండేది. ఒక వ్యక్తి తన పాత సొంత కారును మరొక వ్యక్తికి అమ్ముకుంటే ఆ పన్ను వర్తించదు. ఉత్పత్తి ఆగిపోయిన నమూనాలకు మాత్రం పన్ను తగ్గినంత మాత్రాన భాగాలు దొరకవు. 2019లో ఫియట్ మన విపణి నుంచి వైదొలగిన తరువాత పాలియో యజమానికి తుక్కు దుకాణం, లేతు పనివాడే ఆధారమయ్యారు.

మధ్యేమార్గం అవసరం

మార్పులన్నింటినీ అనుమతించాలని ఎవరూ కోరజాలరు. తోటి ప్రయాణికుల ప్రాణాలు అన్నింటికంటే ముఖ్యం. కాని ఇతర దేశాలు ఈ చిక్కుకు పరిష్కారం కనుగొన్నాయి. జర్మనీలో సాంకేతిక సంస్థలు మార్పు చేసిన కారును తనిఖీ చేసి, సురక్షితమని తేలితే పత్రాల్లో నమోదు చేయిస్తాయి. సరైన స్థితిలో ఉన్న ముప్పయి ఏళ్ల కారును అక్కడ చారిత్రక వాహనంగా గుర్తిస్తారు. బ్రిటన్‌లో ఆ పరిమితి నలభై ఏళ్లు.

మన దేశంలో యాంత్రిక పరీక్షా కేంద్రాల నిర్మాణం ఇప్పటికే సాగుతున్నది. బ్రేకులు, పొగ, సస్పెన్షన్‌లను యంత్రమే కొలిచి చెప్పగలిగినప్పుడు, కారు వయస్సును బట్టి కాక దాని స్థితిని బట్టి నిర్ణయం తీసుకోవడం అసాధ్యమేమీ కాదు. మెరుగైన బ్రేకు అమర్చుకున్న వాడినీ, చెవులు చిల్లులుపడే సైలెన్సర్ పెట్టుకున్న వాడినీ ఒకే గాట కట్టే పద్ధతి మారాలి. అంతవరకు మందిర్ హసౌద్ షెడ్డులో నిలిచిన పాత కారుకు కొలిమికి పోయే దారే దగ్గరదారిగా కనిపిస్తుంది.