బంగారం మెషీన్ ఊరికే అరుస్తోందా? తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి

మెటల్ డిటెక్టర్ రివ్యూ ఏది తీసుకున్నా కామెంట్లలో మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎంత లోతు పడుతుంది?" మొన్నటిదాకా నేనూ అదే అడిగేవాణ్ని. ఇప్పుడు మాత్రం లోతు రెండో సంగతి అంటాను. కరెంటు తీగల మధ్య ఆ మెషీన్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందన్నదే మొదట చూడాలి.

ఈ బుద్ధి ఎలా వచ్చిందో చెప్తాను. మా పిన్నిది నందిగామ దగ్గర పల్లె. పత్తి తీస్తుంటే చెవి కమ్మ శీల ఊడి చేలో ఎక్కడో పడిపోయింది. రెండు రోజులు నలుగురు కలిసి వెతికినా దొరకలేదు. జగ్గయ్యపేటలో ఫ్రెండ్ దగ్గర సెకండ్‌హ్యాండ్ డిటెక్టర్ ఉంటే తీసుకుని నేను బయల్దేరాను. ఆన్ చేశానో లేదో, ఒకటే కూత. ఏ సాలులో పెట్టినా మోతే. "ఏరా, చేనంతా బంగారమేనా?" అని పిన్ని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేను మీదుగా హైటెన్షన్ లైను, గట్టున మోటారు స్టార్టర్, దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మర్.

డిటెక్టర్ కాయిల్ ఒక అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోహం తగిలితే అందులో చిన్న కరెంటు పుట్టి, దాని సిగ్నల్ వెనక్కి వస్తుంది. చెవి కమ్మంత వస్తువు నుంచి వచ్చే సిగ్నల్ ఎంతో బలహీనం కాబట్టి మెషీన్ దాన్ని చాలా రెట్లు పెంచి వింటుంది. అదే చెవితో చుట్టుపక్కల కరెంటు గోల కూడా వింటుంది మరి. మన సప్లై 50 హెర్ట్జ్. దాని గుణిజాలు కిలోహెర్ట్జ్‌ల దాకా పాకుతాయి. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, సోలార్ ఇన్వర్టర్లు అయితే పదుల కిలోహెర్ట్జ్ వేగంతో స్విచ్ అవుతుంటాయి. బంగారం కోసం చేసిన మెషీన్లు పనిచేసేదీ దాదాపు ఆ రేంజ్‌లోనే. గ్యారెట్ ఏటీ గోల్డ్ 18 కిలోహెర్ట్జ్, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 45, నోక్టా గోల్డ్ క్రూజర్ 61.

యూట్యూబ్‌లో చూపించేది ఆస్ట్రేలియా ఎడారి. అక్కడ మైళ్ల దూరం స్తంభం కనపడదు. మనకేమో ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్, జయంతిపురంలో సిమెంటు ఫ్యాక్టరీ, ప్రతి బోరుకీ ఒక స్టార్టర్. ఎడారిలో తీసిన డెప్త్ టెస్టు చూసి ఇక్కడ మెషీన్ కొనడం నాకు తెలివైన పని అనిపించడం లేదు.

ఆ రోజు నాకు పనికొచ్చిన మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు. కాయిల్‌ని నడుం ఎత్తుకి లేపి కదపకుండా పట్టుకోండి. అప్పుడూ మోగుతుంటే అది కరెంటు గోల. నేల మీద ఊపినప్పుడే మోగితే మట్టిలోని ఖనిజాల పని, అప్పుడు చూడాల్సింది గ్రౌండ్ బ్యాలెన్స్. నాది గాలిలోనూ మోగింది. జేబులో ఫోన్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది! ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గట్టు మీద వదిలొస్తే కొంత తగ్గింది. (స్మార్ట్‌వాచ్ కూడా తీసేయండి.) తర్వాత కాయిల్ కదపకుండా నాయిస్ క్యాన్సిల్ నొక్కాను. మెషీన్ తన ఫ్రీక్వెన్సీని కొద్దికొద్దిగా జరుపుతూ గోల తక్కువున్న చానల్ ఎంచుకుంటుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్‌లో అలాంటి చానళ్లు 19 ఉంటాయి. ఇంకా కొంత తగ్గింది.

మిగిలింది సెన్సిటివిటీ. మనవాళ్లకి ఇక్కడే మనసొప్పదు, ఫుల్‌లో పెడితేనే డబ్బు గిట్టినట్టు. సగానికి తగ్గిస్తే లోతు తగ్గే మాట నిజమే. కానీ ఆగకుండా అరిచే మెషీన్‌కి లోతు ఎంతున్నా ఏం లాభం, అసలు సిగ్నల్ ఆ మోతలో కలిసిపోయాక? పైగా నిన్నమొన్న పడిన కమ్మ అడుగు లోతుకి ఎలా పోతుంది? చిన్న కాయిల్ వేసుకుంటే ఇంకా మంచిది. అది గోలని తక్కువ లాక్కుంటుంది, చిన్న వస్తువుని బాగా పడుతుంది.

అయినా స్టార్టర్ దగ్గర సాళ్లలో చిటపటలు ఆగలేదు. వ్యవసాయానికి కరెంటు పగలు 9 గంటలే కదా, త్రీఫేజ్ పోయేదాకా వేపచెట్టు కింద కూర్చున్నాం. మోటార్లు ఆగాక తేడా చెవికి తెలిసిపోయింది. పైనున్న హైటెన్షన్ లైను మాత్రం ఎవరి కోసమూ ఆగదు, దాని కింద సెన్సిటివిటీ ఇంకాస్త తగ్గించి నడిచాను.

వేపచెట్టు కింద కూర్చున్నప్పుడే పక్కచేను కుర్రాడు ఫోన్‌లో "గోల్డ్ డిటెక్టర్" యాప్ తెరిచాడు. ఆ యాప్‌లన్నీ వాడేది దిక్సూచి కోసం పెట్టిన మాగ్నెటోమీటర్. అది ఇనుముకీ అయస్కాంతానికీ కదులుతుంది. బంగారం అయస్కాంతానికి అంటదు కదా, కేజీ ముద్ద పెట్టినా సెన్సార్‌కి చలనం ఉండదు. పేరులో గోల్డ్ పెట్టుకున్న యాప్‌లకి స్టోర్‌లో అన్నన్ని స్టార్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. జగ్గయ్యపేటలో డిటెక్టర్ చేత్తో కనపడితే జనం అడిగేది ధనంబోడు గురించే. పేరులోనే ధనం ఉందాయె. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు అక్కడ బయటపడింది బౌద్ధ స్తూపం, చెక్కిన రాతి పలకలు. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే కేసే. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాచిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పి తీరాలి. ఇక సహజంగా బంగారం ఉన్నది చిత్తూరు చిగురుగుంట, శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి, కర్నూలు జొన్నగిరి వైపు. సున్నపురాయి తీసి సిమెంటు చేసుకునే మా ఏరియాలో మెషీన్‌కి దొరికే బంగారం ఎవరో పారేసుకున్నదే. నా లెక్కలో దానికి ఇంతకంటే మంచి వాడకం కూడా లేదు.

సాయంత్రందాకా దొరికినవి మూడు సీసా మూతలు, లెక్కలేనన్ని పురుగుమందు ప్యాకెట్ల రేకు ముక్కలు. ఆ రేకూ, చిన్న బంగారమూ మెషీన్‌కి దాదాపు ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి ప్రతిదీ వంగి చూడాల్సిందే. కరెంటు గోల అయితే చోటు మార్చి మార్చి మోగుతుంది. లోహం ఎటు నుంచి ఊపినా అదే చోట పలుకుతుంది. లైను కింద, పదకొండో సాలులో, రెండు వైపుల నుంచీ ఒకేలా పలికిన చోట నల్లరేగడి నెర్రె ఉంది. పుల్లతో గీరితే కమ్మ మెరిసింది.

శీల ఇంకా దొరకలేదు. పిన్ని మళ్లీ ఆదివారం రమ్మంది.